దవడ టక్కుమంటే ఆగుదామా, డాక్టర్ దగ్గరికి పోదామా?

పోయిన సంక్రాంతికి కావలిలో మా పిన్ని వాళ్లింట్లో చెక్కలు కొరుకుతుంటే కుడి చెవి ముందు టక్కుమంది. నొప్పి లేదు. వారం తిరిగేసరికి మాత్రం పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోవడం, చెవిపోటు. చెవి డాక్టర్ చూసి, చెవిలో ఏమీ లేదు, పళ్ల డాక్టర్‌కి చూపించుకో అన్నాడు. దవడ కీలు చెవిని ఆనుకునే ఉంటుంది కదా, అక్కడి నొప్పి చెవిపోటులాగే ఉంటుంది.

నొప్పి లేకుండా చప్పుడొక్కటే వస్తూ, నోరు బాగా తెరుచుకుంటుంటే ఏ వైద్యమూ అక్కర్లేదు. కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే చిన్న డిస్కు పక్కకు జరిగి మళ్లీ చోటికొచ్చేటప్పటి చప్పుడది, చాలామందికి ఉంటుంది.

నొప్పి కూడా ఉంటే నా ఓటు ముందు ఇంటి జాగ్రత్తలకే, రెండు మూడు వారాలు. జొన్నరొట్టె, చెరకు, బబుల్‌గమ్ మానేసి మెత్తటన్నం, చేపల పులుసు తినాలి (నెల్లూరోళ్లకి ఇదేమంత శిక్ష కాదు). రోజూ రెండు పూటలా వేడి కాపడం. ఆవలించేటప్పుడు గడ్డం కింద చెయ్యి. అన్నిటికంటే కష్టం, పెదాలు మూసి ఉన్నా పళ్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవడం. బండి మీద హైవే ఎక్కితే టెన్షన్‌తో పళ్లు బిగబడతానని నాకప్పుడే తెలిసింది.

పళ్ల డాక్టర్ దగ్గర నైట్ గార్డ్ (రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు) మంచిదా, పళ్లు అరగదీసి బైట్ (పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు) సరిచేయించుకోవడం మంచిదా? నిద్రలో పళ్లు కొరికేవాళ్లకి గార్డ్ పళ్లు అరగకుండా కాస్తుంది. నొప్పి మాత్రం అందరికీ తగ్గదు. పడకపోతే తీసి పక్కన పెట్టొచ్చు. అరగదీసిన పన్ను మళ్లీ రాదు. అది గానీ ఆపరేషన్ గానీ మొదట్లోనే అంటే ఇంకో డాక్టర్‌ని అడగండి. దవడ పట్టి లాగి సరిచేస్తామనే వాళ్ల జోలికి అసలు పోవద్దు.

నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోతే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. వాపు, జ్వరం ఉన్నా అంతే. గుట్కా, వక్క నమిలేవాళ్లకి నోరు మండుతూ మెల్లగా బిగుసుకుపోతుంటే అది కీలు జబ్బు కాకపోవచ్చు, బుగ్గల లోపలి పొర గట్టిపడుతుండొచ్చు. ఆవలింతకి తెరిచిన నోరు మూతపడకపోతే అప్పటికప్పుడే ఆసుపత్రికి. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉన్నా ఆ రోజే వెళ్లాలి. దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే గుండె కావచ్చు, 108కి ఫోన్ చేయండి.

నాకు నెలన్నరకి నొప్పి పోయింది. టక్కుమనడం పోలేదు. పిన్ని ఇప్పుడు చెక్కలు పాలలో నానబెట్టి ఇస్తోంది.