నాందీ నుంచి సువాకి కారులో ఒక రోజు: నాలుగు స్టార్లు, ఒక ఫిర్యాదు

ఫిజీ వెళ్లేవాళ్లలో చాలామంది నాందీ ఎయిర్‌పోర్టులో దిగి, పడవెక్కి, ఏదో ఒక చిన్న దీవిలోని రిసార్టులో నీళ్లలో ఆడుకుని వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ మా అమ్మకి డెబ్బై దాటాయి, నీళ్లంటే భయం, ఎండ అసలు పడదు. అందుకని మేం దిగిన గెస్ట్‌హౌస్ వాళ్ల ద్వారా ఒక టూర్ కంపెనీ కారూ డ్రైవరూ మాట్లాడుకుని రాజధాని సువాకి వెళ్లొచ్చాం. పొద్దున ఆరింటికి బయల్దేరడం, రాత్రి తొమ్మిదికి తిరిగి రావడం. కారుకి మొత్తం 380 ఫిజీ డాలర్లు. భోజనం, టికెట్లు మన ఖర్చే. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగూ డ్రైవర్‌వి. పోయిన ఒకటి టూర్ కంపెనీది, దాని సంగతి తర్వాత చెప్తాను.

డ్రైవర్‌కి యాభై ఐదు ఉంటాయేమో. వాళ్ల ముత్తాత మద్రాసులో ఓడెక్కి వచ్చాడట. మన దేశపు కూలీలతో ఫిజీకి వచ్చిన మొదటి ఓడ లియోనిడాస్, అది కలకత్తా నుంచి బయల్దేరి 1879 మేలో చేరింది. మద్రాసు ఓడలు 1903 నుంచి మొదలయ్యాయి. 1916లో ఆపేసేదాకా మొత్తం అరవై వేలమందిని చెరుకు తోటల కోసం తెచ్చారు. మా డ్రైవర్ ఇంటిపేరు నాయుడు, మాట్లాడేది హిందీ. అదీ భోజ్‌పురి, అవధి కలిసిన ఫిజీ హిందీ. తెలుగు వాళ్ల నాయనమ్మతోనే పోయిందన్నాడు. అమ్మది హైదరాబాద్ హిందీ. ఇద్దరూ సగం సగం అర్థం చేసుకుంటూ దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వెనక సీట్లో వింటూ కూర్చున్నా.

నాందీ నుంచి సింగతోకా దాకా రోడ్డు పక్కనే చెరుకు, చెరుకు బళ్ల కోసం వేసిన సన్నటి రైలు పట్టాలు. ఒకచోట కారు స్లో చేసి, అదిగో మేం పుట్టి పెరిగిన పొలం అని చూపించాడు. ఇప్పుడు అందులో తుప్పలే ఉన్నాయి. ఇక్కడ దాదాపు తొంభై శాతం భూమి మూలవాసులైన ఇతౌకే వంశాల ఉమ్మడి ఆస్తి. అమ్మడానికి వీల్లేదు, లీజుకే ఇస్తారు. పాత ముప్ఫై ఏళ్ల లీజులు 1997 నుంచి ఒక్కొక్కటిగా ముగియడంతో చాలా చెరుకు కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అలా లేచిపోయిన వాటిలో వీళ్లదీ ఒకటి. కోపం లేదా అని అమ్మ అడిగితే, భూమి వాళ్లది, చెమట మాది, ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు అన్నాడు. ఆ భూమి గల వంశంవాళ్ల అబ్బాయితో కలిసి ఇప్పటికీ రగ్బీ చూస్తాడట. 2016లో రియోలో ఫిజీ సెవెన్స్ జట్టు (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) దేశానికి మొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారం, తెచ్చినప్పుడు ప్రభుత్వం ఏకంగా ఏడు డాలర్ల నోటే అచ్చేసింది. పర్సులో మడవకుండా దాచుకున్న ఆ నోటు తీసి చూపించాడు.

పసిఫిక్ హార్బర్ అనే ఊరు దాటుతుంటే సముద్రంలో బెంగా దీవి కనిపించింది. ఆ దీవిలోని సావావు తెగవాళ్లు ఎర్రగా కాలిన రాళ్ల మీద నడుస్తారు. సువాలో హొవెల్ రోడ్ మారియమ్మ గుడిలో మనవాళ్లు ఏటా నిప్పులు తొక్కుతారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నదేం కాదు, ఎవరి మొక్కు వాళ్లదే. అమ్మకి ఇది తెగ నచ్చేసింది. సాయంత్రం దాకా ఇదే మాట.

ఇక సువా మార్కెట్. ఈ టూర్‌కి పెట్టిన డబ్బు ఇక్కడే వసూలైపోయింది. కింద కూరగాయలు కుప్పలుగా పోసి, కుప్పకో అట్టముక్క మీద ధర రాసి పెడతారు. బేరాలు లేవు. నచ్చితే కుప్ప మొత్తం సంచీలో వేసేస్తారు. బెండకాయలు, వంకాయలు, కాకరకాయలు, మునగాకు అమ్ముతున్నది జుట్టులో పువ్వు పెట్టుకున్న ఇతౌకే ఆవిడ. ఆమె పక్కనే దాలో అనే చేమదుంపలు, కర్రపెండలం పరుచుకుని కూర్చున్నది చీర కట్టుకున్న మన ఆవిడ. ఎవరి పంట ఎవరు అమ్మాలో ఈ ఊళ్లో ఎప్పుడో కలిసిపోయినట్టుంది. అమ్మ మునగాకు వాసన చూసి, హోటల్లో వండుకోవడానికి లేదే అని బాధపడింది. ద్రాక్షగుత్తిలా చిన్న చిన్న ఆకుపచ్చ గుండ్లున్న సముద్రపు నాచుని ఆకులో పెట్టి అమ్ముతున్నారు. దాన్ని నామా అంటారు. నోట్లో వేసుకుంటే చిట్లి ఉప్పునీళ్లు వస్తాయి. నాకు రెండోసారి తినాలనిపించలేదు.

పై అంతస్తులో యాంగోనా, అంటే పొడి చేసి నీళ్లలో కలుపుకుని తాగే కావా వేర్లు, అమ్ముతారు. ఇక్కడి పల్లెలోకి అతిథిగా వెళ్లాలంటే ఈ కట్ట తీసుకెళ్లి పెద్దమనిషి ముందు పెట్టాలి, అది మర్యాద. డ్రైవర్ ఒక్కో కట్టా ఎత్తి, వేరు కొస విరిచి, వాసన చూసి, రెండు కట్టలు పక్కన పడేశాడు. సన్నటి వేర్లకి ధర ఎక్కువ, ఘాటూ ఎక్కువ. కాండం ముక్కలు చవక. కలిపి కట్టి అంటగట్టేవాళ్లూ ఉంటారట. చివరికి ఒకటి నచ్చితే న్యూస్‌పేపర్‌లో చుట్టించి నా చేతికిచ్చాడు.

మధ్యాహ్నం తిన్నది రోటీ పార్శిల్. పల్చటి రొట్టెలో కూర పెట్టి చుట్టి ఇస్తారు. ఆఫీసువాళ్లూ, పోలీసులూ, స్కూలు పిల్లలూ అందరూ అదే తింటున్నారు. శాకాహారులకి బంగాళాదుంప కూరది దొరుకుతుంది.

థర్‌స్టన్ తోటలోని ఫిజీ మ్యూజియం చిన్నదే కానీ వదలొద్దు. రెండు పడవలు జోడించి కట్టినట్టుండే ద్రువా అనే పెద్ద తెరచాప పడవ, నావికులు కెప్టెన్ మీద తిరగబడిన బౌంటీ ఓడ చుక్కాని, 1867లో కొండల్లో ఒక ఊరివాళ్లు చంపి తినేసిన మిషనరీ థామస్ బేకర్ బూటు అడుగు ముక్క ఇక్కడున్నాయి. ఆ ఊరివాళ్లు 2003లో బేకర్ వారసుల్ని పిలిపించి లాంఛనంగా క్షమాపణ అడిగారు. 1987లో సైన్యంతో తిరుగుబాటు చేసిన రబూకా కూడా మళ్లీ ప్రధాని అయ్యాక 2023లో ఇండో ఫిజియన్లని, అంటే భారత సంతతివాళ్లని, క్షమాపణ అడిగారు. ఆ తిరుగుబాట్ల తర్వాతే మనవాళ్లు వేలల్లో దేశం విడిచిపోయారు. ఒకప్పుడు జనాభాలో సగం దాకా ఉన్నవాళ్లు 2007 లెక్కల్లో 37 శాతానికి తగ్గారు. డ్రైవర్ చిన్నాన్న కెనడాలో కూర్చుని ఆ క్షమాపణ టీవీలో చూశాడట. ఏమన్నాడు అంటే, ఏమీ అనలేదు, టీ పెట్టుకున్నాడు అని చెప్పాడు.

ఈ దేశంలో ఉన్నది వీళ్లిద్దరే అనుకుంటే పొరపాటు. ఉత్తరాన దూరంగా రొటూమా దీవి వాళ్ల భాషే వేరు. ఫాస్ఫేట్ కోసం బ్రిటిష్‌వాళ్లు బనాబా దీవిని తవ్వి పాడుచేశాక అక్కడి జనాన్ని 1945లో రాంబీ దీవికి తెచ్చి దింపారు. కియోవా దీవిలో ఉండేది తువాలు నుంచి వచ్చినవాళ్లు. చైనీయులు, సాలమన్ దీవుల నుంచి తెచ్చిన కూలీల వారసులు కూడా ఉన్నారు.

ఇప్పుడు ఫిర్యాదు. బ్రోషర్‌లో తిరుగు దారిలో గంటన్నర గ్రామ సందర్శన అని రాశారు. మ్యూజియం నుంచి బయటికి రాగానే కంపెనీ నుంచి ఫోన్, ముందు హస్తకళల షాపుకి తీసుకెళ్లమని. అక్కడ ముప్పావు గంట పోయింది. కొయ్య గిన్నెలూ, మాస్కులూ చూపించి వదలరు. అడుగున వేరే దేశం స్టిక్కర్ ఉన్న కీచైన్లు కూడా చూశాను. దాంతో ఊరికి చేరేసరికి చీకటి పడబోతోంది. పెద్దాయన పాపం పద్ధతి ప్రకారమే మా కట్ట అందుకుని, పెద్ద కొయ్య గిన్నెలో కావా కలిపించారు. ఒకసారి చప్పట్లు కొట్టి, కొబ్బరి చిప్పలోది గుక్క తిప్పుకోకుండా తాగేసి, మళ్లీ మూడు చప్పట్లు కొట్టాలి. బురదనీళ్ల రుచి, నాలుక మొద్దుబారింది. అమ్మ చేతులు జోడించి వద్దంటే ఎవరూ బలవంతం చేయలేదు, కొబ్బరిబోండం తెచ్చిచ్చారు. మాట మొదలయ్యేలోపే లేవాల్సి వచ్చింది. అంత మర్యాద చేసినవాళ్ల ముందు వాచీ చూసుకుంటూ కూర్చోవడం నాకు సిగ్గనిపించింది.

వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే షాపు వద్దని రాతపూర్వకంగా చెప్పండి. హిందీ మాట్లాడే డ్రైవర్ కావాలని అడగండి. ఊళ్లోకి వెళ్లేటప్పుడు టోపీ, నెత్తిమీద కళ్లద్దాలు తీసేయాలి, భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గొడుగు తప్పనిసరి, నాందీలో ఎండ కాస్తున్నా సువాలో వాన పడుతూనే ఉంటుంది. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు. ఊరంతా చర్చిలో ఉంటుంది, మార్కెట్ ఉండదు. శనివారం అయితే పై ఊళ్ల నుంచి సరుకు ఎక్కువ వస్తుంది, కాకపోతే పార్కింగ్‌కి అరగంట అదనంగా వేసుకోండి.