నీలంబూరు టేకు తోటలు: సగం మార్కులు రైలుకే

కేరళ మలప్పురం జిల్లాలోని నీలంబూరులో చాలామంది ఊటీకి పోతూ ఓ గంట ఆగి ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. అలా వద్దు. షోరనూర్ జంక్షన్‌లో నీలంబూరు ప్యాసింజర్ ఎక్కండి. 66 కిలోమీటర్లు, గంటన్నర పైన పడుతుంది. ఈ అడవి కలపను బయటికి తరలించాలనే 1920లలో ఈ లైను వేశారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము కోసం పట్టాలు పీకేసి, స్వాతంత్ర్యం వచ్చాక మళ్ళీ వేశారు. చిన్న చిన్న స్టేషన్లు, ప్లాట్‌ఫారం మీదికి వంగిన చెట్లు. కిటికీ సీటు ఏ పక్క దొరికినా నష్టం లేదు.

ఊరు మాత్రం మామూలు మలబారు బజారే. చూడాల్సింది చలియార్ నది ఒడ్డున ఉన్న కనోలీ ప్లాట్. ఓడల కోసం నరికి నరికి అడవి టేకు తరిగిపోతుంటే, 1840లలో మలబారు కలెక్టర్ కనోలీ, తన కింది అటవీ అధికారి చాత్తు మేనోన్‌తో కలిసి కొత్తగా నాటించిన తోటల్లో మిగిలిన ముక్క ఇది. ఆరెకరాలు కూడా లేదు. కలప అడితీల్లో దుంగలు చూసి పెరిగిన నాకు నిలువుటేకు ఇంత ఎత్తుంటుందని తెలీదు, మెడ నొప్పెట్టింది. 2019 వరదల్లో ప్లాట్‌కు వెళ్ళే వేలాడే వంతెన దెబ్బతింది, కాబట్టి నది ఎలా దాటాలో ఆటోవాళ్ళను ముందే అడగండి. ఎండాకాలంలో టేకు ఆకు రాల్చేస్తుంది. వానలు తగ్గాక వెళితేనే పచ్చగా ఉంటుంది.

గూడలూరు రోడ్డులోని టేకు మ్యూజియం సోమవారం సెలవు. గుమ్మంలోనే పెద్ద టేకు చెట్టు వేళ్ళగడ్డ పెట్టారు, దాన్ని చూస్తేనే టికెట్ డబ్బులు వచ్చేసినట్టు. లోపలి బోర్డులు కొన్ని పాఠ్యపుస్తకంలా ఉన్నాయి. వెనక సీతాకోకచిలుకల తోట బాగుంది.

బస దగ్గరే రాజీపడాలి. మేం దిగిన లాడ్జిలో వేణ్ణీళ్ళు వస్తాయన్నారు, వచ్చింది బకెట్టు. గది శుభ్రంగానే ఉంది. తిండికి బిర్యానీ, పరోటా-బీఫ్ బజార్లో ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులైతే మట్ట బియ్యం (కేరళ ఎర్రటి లావు బియ్యం) అన్నానికి సిద్ధపడి, పచ్చడి సీసా వెంట తీసుకెళ్ళండి.

ఒక్క పూటే ఉంటే ప్లాట్ చూడండి. చిన్నపిల్లలు వెంట ఉంటే మ్యూజియం చాలు.