ఓమ్ నియమం పాఠానికి ఫెట్ సిమ్యులేషనా, అసలు సర్క్యూటా?

ఖర్చు: 2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ఫెట్ (PhET, కంప్యూటర్ తెరమీద ప్రయోగాలు చేయించే సిమ్యులేషన్లు) ఉచితం. అసలు సర్క్యూట్‌కి సెల్స్, మీటర్లు, నిక్రోమ్ తీగ (రెసిస్టెన్స్ కోసం వాడేది) కొనాలి.

శ్రమ: ఫెట్‌ని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. అసలు సర్క్యూట్ కిట్ అయితే ముందురోజే సరిచూసుకోవాలి.

రిస్క్: షార్ట్ సర్క్యూట్ అయితే ఫెట్‌లో మంట తెరమీదే. కానీ అక్కడ కనెక్షన్ వదులవదు, రీడింగ్ తప్పుగా రాదు. కొలతలో తేడా ఎందుకొచ్చిందని వెతకడమే సైన్స్. ఆ అవకాశం పిల్లలకు పోతుంది. నాకిది పెద్ద లోటు.

ఏది ఎవరికి: "బల్బు కరెంట్‌ని తినేస్తుంది" అని పొరబడే పిల్లలకు ముందు ఫెట్ చూపించండి, ఎలక్ట్రాన్ల కదలిక కనబడుతుంది. టీచర్ల శిక్షణలో మాత్రం కిట్‌కే ఎక్కువ సమయం ఇవ్వాలి. మీటర్ తప్పుగా కలిపి సరిదిద్దుకున్న టీచరే క్లాసులో టెన్షన్ లేకుండా ప్రయోగం చేయించగలరు. స్కూల్లో ఒక్క కిట్టే ఉంటే గుంపులుగా వంతులు వేయండి, మిగతావాళ్లకు ఫెట్ ఇవ్వండి.