మంచు తుఫాను రోజున టీచర్లకు సెలవా, ఆన్‌లైన్ క్లాసా?

అమెరికాలో మంచు తుఫానుకు బడి మూసినప్పుడు రెండు పద్ధతులున్నాయి: పూర్తి సెలవు, లేదా ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠం.

సెలవిచ్చినా పని ఎగిరిపోదు. న్యూజెర్సీలో ఏడాదికి 180 రోజులు బడి నడవాలి. మంచు రోజున ఆన్‌లైన్‌లో చెప్పిన పాఠం ఆ లెక్కలోకి రాదు. అందుకే క్యాలెండర్‌లో ముందే కొన్ని రోజులు అట్టిపెడతారు. అవీ అయిపోతే వసంతకాలం సెలవులు తగ్గిస్తారు, లేదంటే జూన్‌లో బడి పొడిగిస్తారు. టీచర్ ఆ రోజు పని తర్వాత చేసి తీరుతుంది. అక్కడి మనవాళ్లు జూన్‌లో ఇండియాకి టికెట్లు కొనేముందు ఇది చూసుకోవాలి.

ఆన్‌లైన్ పాఠాన్ని లెక్కలోకి తీసుకునే రాష్ట్రాల్లో అయితే రోజు పోదు. పెన్సిల్వేనియాలో అనుమతి పొందిన బడులకు ఏడాదికి 5 రోజుల వరకు ఈ వీలుంది. కానీ 2024 ఫిబ్రవరి 13న న్యూయార్క్‌లో అందరూ ఒక్కసారే లాగిన్ అవబోతే సిస్టమ్ మొరాయించింది. ల్యాప్‌టాప్, ఛార్జర్ ముందురోజే ఇంటికి పంపాలి. కరెంటు పోతే చేసుకోవడానికి కాగితం మీద పని కూడా ఇవ్వాలి. ఒకటో తరగతి పిల్లాడికి పక్కన పెద్దవాళ్లు లేకపోతే లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. టీచర్ ఇంట్లోనూ పిల్లలుంటారు మరి.

హైస్కూలుకు ఆన్‌లైన్ సరే, చిన్న తరగతులకు సెలవే మేలు. పిల్లల బస్సు నడవలేని రోడ్డు మీద టీచర్ను మాత్రం కారులో బడికి రమ్మనడం ఏ విధంగానూ సరికాదు.