పాత్రల పోజుల సాధనకు బ్లెండర్: ఒక సమీక్ష

యానిమేషన్‌లో పాత్ర కదలక ముందే, అది నిలబడిన తీరును బట్టి దాని స్థితి ప్రేక్షకుడికి అర్థం కావాలి. అటువంటి పోజులు కుదుర్చుకోవడానికి బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు తోడ్పడుతుందన్నదే ఈ సమీక్ష విషయం. 2002లో ఓపెన్ సోర్స్‌గా మారిన ఈ సాఫ్ట్‌వేర్‌కు రుసుము లేదు. బ్లెండర్ స్టూడియో రూపొందించిన రెయిన్, స్నో అనే పాత్రలు కూడా రిగ్‌తో (పాత్రను కదిలించే ఎముకల, కంట్రోళ్ల అమరికతో) సహా ఉచితంగానే దొరుకుతాయి కనుక, రిగ్గింగ్ రాని విద్యార్థి సైతం నేరుగా పోజుల సాధన మొదలుపెట్టవచ్చు.

నిండు గ్యాస్ సిలిండరును ఒంటిచేత్తో మోస్తున్న మనిషినే తీసుకుందాం. బరువు కనిపించాలంటే ముందుగా సరిచేయవలసినది చేతిని కాదు, కటి భాగాన్ని. శరీర భారం ఏ కాలి మీద ఉందో అక్కడే తేలాలి. ఆ తర్వాత మొండెం సిలిండరుకు ఎదురు వైపు వాలాలి, బరువు లాగుతున్న భుజం కిందికి జారాలి, ఖాళీ చేయి దూరంగా చాచుకోవాలి. తెర మీద గీతలు గీసే అనొటేట్ పరికరంతో తల నుంచి పాదం దాకా ఒకే వంపు గీతను ముందే గీసుకుని, వెన్నెముక కంట్రోళ్లను దానికి అనుగుణంగా వంచితే పోజులో బలం వస్తుంది.

నా దృష్టిలో బ్లెండర్‌లో అన్నిటికంటే విలువైన సదుపాయం చాలామంది పట్టించుకోనిది. సాలిడ్ అనే సాదా వీక్షణలో లైటింగ్‌ను ఫ్లాట్‌గా మార్చి, అన్నిటికీ ఒకే రంగు ఉండే ఎంపికను తీసుకుని నలుపు పెడితే, పాత్ర పూర్తిగా సిలౌట్‌గా, అంటే లోపలి వివరాలు లేని నల్లని ఆకారంగా మారుతుంది. మన తోలుబొమ్మలాటలో మాదిరిగా, అప్పుడు పాత్ర ఏం చేస్తోందో తెర మీది ఆకారమే చెప్పవలసి వస్తుంది. సిలిండరు పట్టుకున్న చేయి మొండెంలో కలిసిపోయిందంటే, ముఖంలో ఎంత శ్రమ చూపించినా ఆ పోజు చదవడానికి వీలుకాదు. ఈ పరీక్షను ఎప్పుడూ కెమెరా కోణం నుంచే చేయాలి.

పుష్ పోజ్ అనే ఆదేశం, ముందు వెనుక ఉన్న కీ పోజులతో (కదలికలో ముఖ్యమైనవిగా గుర్తించి పెట్టిన పోజులతో) పోల్చి ప్రస్తుత పోజును మరింత అతిశయింపజేస్తుంది. బిగుసుకుపోయిన పోజుకు జీవం పోయడానికి ఇది చక్కని మార్గం. పోజులను దాచుకుని మళ్లీ వాడుకునే పోజ్ లైబ్రరీ 3.0 వెర్షన్‌తో అసెట్ బ్రౌజర్‌లోకి వచ్చింది; దాని విషయంలో మాత్రం నాకు కొంత అభ్యంతరం ఉంది. పిడికిళ్లకు, పెదవుల ఆకారాలకు అది ఎంతో సమయం ఆదా చేస్తుంది గానీ, పూర్తి శరీరానికి వాడితే వృద్ధుడూ పిల్లవాడూ ఒకే తీరుగా నిలబడే ప్రమాదం ఉంది. పోజును ఎడమకుడులు తారుమారు చేసి అతికించే సౌకర్యమూ నడకలకు బాగా పనికివస్తుంది. కానీ నిలుచున్న పాత్రలో ఒక చేతి పోజును ఇలా రెండో చేతికి అతికిస్తే రెండు చేతులూ అద్దంలో చూసినట్లు ఒకేలా తయారై జీవం పోతుంది.

పాఠాలను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రిగ్‌లోని ఎముకలను గుంపులుగా అమర్చే పాత బోన్ లేయర్ల స్థానంలో 4.0 వెర్షన్‌లో బోన్ కలెక్షన్లు వచ్చాయి కాబట్టి, అంతకు ముందు చేసిన వీడియోలలో చూపించే ప్యానెళ్లు ఇప్పుడు అదే రూపంలో కనిపించవు. కొత్తగా నేర్చుకునేవారు 4.0 తర్వాతి పాఠాలతోనే ఆరంభించడం మంచిది.