క్యూటిప్: ఎర్రర్ రాలేదంటే జవాబు సరైనదని కాదు

పరిసరాల ప్రభావానికి లోనయ్యే క్వాంటమ్ వ్యవస్థల సిమ్యులేషన్‌కి నేను కొన్నేళ్లుగా వాడుతున్నది క్యూటిప్. పాల్ నేషన్, రాబర్ట్ జొహాన్సన్ మొదలుపెట్టిన ఈ పైథాన్ ప్యాకేజీ మీద పేపర్ 2012లో వచ్చింది. బీఎస్‌డీ లైసెన్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ మార్చుకోవచ్చు.

ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని పిప్‌తో ఒక్క కమాండ్ ఇస్తే చాలు. హ్యామిల్టోనియన్ (వ్యవస్థ శక్తిని చెప్పే ఆపరేటర్) రాసి ఎంఈసాల్వ్‌కి (కాలంతో స్టేట్ ఎలా మారుతుందో లెక్కగట్టే ఫంక్షన్) అందిస్తే మొదటి రోజే రాబీ డోలనాల (రెండు స్థితుల మధ్య ఊగిసలాట) గ్రాఫ్ చూసేయొచ్చు. కాగితం మీది సమీకరణం దాదాపు అలాగే కోడ్‌లోకి దిగుతుంది. ఈ సుఖం మీద నాకు ఇంకా మోజు తీరలేదు.

చిక్కంతా ఆ తర్వాతే. ఫిజిక్స్ దారి తప్పినా ఇది నోరెత్తదు. సగటున 9 ఫోటాన్లుండే కోహెరెంట్ స్టేట్‌ని (లేజర్ కాంతి లాంటి స్థితి) 10 లెవెల్స్‌లో (అంటే 0 నుంచి 9 ఫోటాన్ల దాకా మాత్రమే) ఇరికించి చూడండి. డిఫాల్ట్ పద్ధతిలో నార్మ్ (మొత్తం సంభావ్యత సరిపోయిందో చెప్పే విలువ) బుద్ధిగా 1 అనే వస్తుంది, కానీ ఆ స్టేట్ మీరనుకున్నది కాదు. ఒక ఫోటాన్ తగ్గించే డిస్ట్రాయ్ ఆపరేటర్‌కీ, ఒకటి పెంచే దాని డాగర్‌కీ కమ్యుటేటర్ (AB − BA) వేస్తే చివరి డయాగొనల్ విలువ 1కి బదులు మైనస్ 9 వస్తుంది. అందుకే చివరి లెవెల్‌లో పాపులేషన్ (అక్కడ ఉండే సంభావ్యత) ఎంతుందో ఎప్పుడూ ప్లాట్ చేస్తాను. లెవెల్స్ పెంచి మళ్లీ రన్ చేసినా గ్రాఫ్ కదలకూడదు.

క్యూబిట్లతో (0, 1 అనే రెండు స్థితుల వ్యవస్థలు) ఇంకో తిరకాసు. డిస్ట్రాయ్(2) స్టేట్ 1ని 0కి దించుతుంది, సిగ్మామ్ (σ₋) 0ని 1కి తీసుకెళ్తుంది. సిగ్మాజెడ్‌కి (σz) ప్లస్ గుర్తు పెట్టి హ్యామిల్టోనియన్ రాస్తే ఎక్కువ శక్తి ఉన్నది 0. అక్కడ క్షయానికి డిస్ట్రాయ్(2) పెట్టారంటే, చల్లబడాల్సిన క్యూబిట్ తనంతట తానే ఎక్సైటెడ్ స్టేట్‌కి ఎక్కి కూర్చుంటుంది! వ్యవస్థలో కొంత భాగాన్నే విడిగా చూపే పీట్రేస్ సంగతీ అంతే: మీరిచ్చే నంబరు మిగిల్చుకోవాల్సిన భాగానిది, తీసేయాల్సినదానిది కాదు. 5 గిగాహెర్ట్జ్‌ని కోణీయ పౌనఃపున్యంగా మార్చడానికి 2πతో గుణించడం కూడా మీ బాధ్యతే.

10 క్యూబిట్ల డెన్సిటీ మ్యాట్రిక్స్ (పరిసరాల ప్రభావాన్ని కూడా పట్టుకునే స్టేట్ వర్ణన) అంటే 10 లక్షలకు పైగా విలువలు, క్యూబిట్ పెరిగిన కొద్దీ అది నాలుగింతలవుతుంది. అక్కడ ఎంసీసాల్వ్ ఆదుకుంటుంది: స్టేట్ వెక్టర్లతోనే యాదృచ్ఛికంగా చాలాసార్లు నడిపి సగటు తీస్తుంది, కాకపోతే ఓపిక కావాలి.

2024లో వచ్చిన 5వ వెర్షన్‌లో లోపలి డేటా వ్యవస్థ మారింది, సర్క్యూట్ల భాగం విడి ప్యాకేజీ అయింది. కాబట్టి పాత ట్యుటోరియల్ కోడ్ యథాతథంగా నడవకపోతే కంగారుపడకండి, ముందు వెర్షన్ చూసుకోండి. గేట్లు పేర్చి సర్క్యూట్లు నడపడమే మీ పనైతే మాత్రం కిస్కిట్ లాంటిది మేలు. కావిటీలు (కాంతిని బంధించే నిర్మాణాలు), డీకోహెరెన్స్ (పరిసరాల వల్ల క్వాంటమ్ లక్షణాలు పోవడం), పల్స్‌లు మీ రంగమైతే నేనిచ్చే సలహా క్యూటిపే.