ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ బాగుంది, ‘ఏడాది ప్లాన్, నెలవారీ చెల్లింపు’ మాత్రం వద్దు

ఏలూరులో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. భీమవరం, జంగారెడ్డిగూడెం, కైకలూరు వైపు ఫొటోగ్రాఫర్లు ఫొటోలు పంపిస్తారు. షీట్లు తయారుచేసి ల్యాబ్‌కు పంపేదాకా నా పని. 2024 ఫిబ్రవరి నుంచి ఒక ఆల్బమ్ డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పేరు రాయడం లేదు. నేను చెప్పే ఇబ్బంది ఆ ఒక్క కంపెనీది కాదు, ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు ఇదే పద్ధతిలో అమ్ముతున్నారు.

సాఫ్ట్‌వేర్ వరకూ అయితే నిజంగా బాగుంది. 12×36 షీట్ తెరిచి ఓ పది ఫొటోలు వేస్తే నిలువువి, అడ్డంవి చూసుకుని తనే సర్దుతుంది. ఎవరి తలా తెగదు. తీసిన టైమ్‌ని బట్టి పేరుస్తుంది కాబట్టి జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు వరుస తప్పవు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీసిన పెళ్లయితే ముందు రెండు కెమెరాల టైమ్ ఒకటి చేసుకోవాలి, లేకపోతే అప్పగింతల మధ్యలో స్నాతకం వచ్చి కూర్చుంటుంది. పేజీల మీద పేర్లు రాస్తే తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఒత్తులు విడిపోవడం లేదు.

నాకు ఎక్కువ ఉపయోగపడింది సెలక్షన్ గ్యాలరీ. ఇదివరకు పెళ్లివారు ఫొటో నంబర్లు నోటుపుస్తకంలో రాసి, ఆ పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లు. ఒకటి ఏదో ఏడు ఏదో తెలియక ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పుడు లింకు పంపితే ఎవరి ఫోన్లో వాళ్లు నచ్చిన ఫొటోలకు గుర్తు పెడతారు. పెళ్లికూతురి తరఫువి, పెళ్లికొడుకు తరఫువి విడివిడిగా నా దగ్గరికి వస్తాయి. ఈ ఒక్క సౌకర్యం కోసమే డబ్బు పెట్టొచ్చు. డబ్బు ఎలా తీసుకుంటున్నారన్నదే నా అభ్యంతరం.

ధరల పేజీలో మూడు పెట్టెలు ఉంటాయి. ‘నెలవారీ: 1,800’, ‘ఏడాది ప్లాన్, నెలవారీ చెల్లింపు: నెలకు 1,200’, ‘ఏడాది మొత్తం ఒకేసారి: 13,000’. పేజీ తెరవగానే మధ్య పెట్టె ముందే ఎంపికై ఉంటుంది. 1,200 అన్న అంకె పెద్దది. దాని కింద సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’, పక్కన చిన్న ప్రశ్నార్థకం గుర్తు. ఆ గుర్తు మీద నొక్కితేనే ‘ఏడాది ముగిసేలోపు రద్దు చేస్తే రుసుము ఉంటుంది’ అనే వాక్యం కనిపిస్తుంది. ఎంత రుసుము అన్నది అక్కడా లేదు. అది వేరే పేజీలో, ఒప్పందం మధ్యలో ఉంది. ఆపేస్తే మిగిలిన నెలల డబ్బు మొత్తం ఒకేసారి కట్టాలట. పైగా సేవ ఆ రోజే ఆగిపోతుంది.

మా పని ఏడాది పొడుగునా ఉండేది కాదు. మాఘం, ఫాల్గుణం వస్తే నిద్ర ఉండదు, ఆషాఢంలో ఖాళీ. 2024లో ఇంకా గడ్డుగా గడిచింది. ఏప్రిల్ చివర నుంచి గురు మూఢం, శుక్ర మూఢం రెండూ కలిసి మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు. జులైలో ఆషాఢం. మళ్లీ పెళ్లి అంటే శ్రావణమే. ఏప్రిల్ పెళ్లిళ్ల ఆల్బమ్‌లు మే ఆఖరుకు పూర్తయ్యాయి. చేతిలో పని లేనప్పుడు నెలకు 1,200 ఎందుకని రద్దు చేద్దామనుకున్నాను.

ఖాతా పేజీలో ‘రద్దు’ అనే బటన్ ఎక్కడా లేదు. ‘ప్లాన్ మార్చండి’ అన్నదాంట్లోకి వెళ్లి అడుగుదాకా జరిపితే అక్కడ సన్నగా ఒక లింకు ఉంది. ఎందుకు వెళ్తున్నారో చెప్పమన్నారు, తర్వాత ఏమేం కోల్పోతానో చూపించారు, తర్వాత మళ్లీ పాస్‌వర్డ్ అడిగారు. అన్నీ దాటాక ‘9,600 చెల్లించి రద్దు చేయండి’ అని వచ్చింది. దాని పక్కనే పెద్ద నీలం బటన్ మీద ‘ప్లాన్ కొనసాగించండి’.

వెళ్లిపోయేటప్పుడు ఫీజును రూపాయితో సహా లెక్కగట్టి చూపించగలిగిన వాళ్లు కొనేటప్పుడు ‘ఒక నెల వాడి ఆపేస్తే 13,200 కట్టాలి’ అని అదే అక్షరాల సైజులో ఎందుకు చూపించరు? నేను అడిగేది ఇదొక్కటే. ఆ అంకె 1,200 పక్కన ఉంటే మా లాంటివాళ్లలో సగం మంది ఆ పెట్టె ముట్టుకోరు. అందుకే పెట్టలేదని నా నమ్మకం.

ఫీజే ఉండకూడదని నేననడం లేదు. ఏడాది ఉంటానన్నందుకే నెలకు 600 తగ్గించారు. మధ్యలో వెళ్లేవాళ్లు ఆ తగ్గింపు తిరిగి ఇవ్వడం న్యాయం. నేను నాలుగు నెలలు వాడాను కాబట్టి 2,400. అది అడిగితే కట్టేదాన్ని. వాళ్లు అడిగింది దానికి నాలుగింతలు. షాపు అద్దెకు తీసుకుని మధ్యలో ఖాళీ చేస్తే ఇంకొకరు దొరికేదాకా ఓనరుకు గది ఖాళీ, నష్టం కనిపిస్తుంది. నేను లాగిన్ కాకపోతే ఈ కంపెనీకి ఏ గదీ ఖాళీ పడి ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయ ఒప్పందం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేయడం ఒకటిగా ఉంది.

మా ఖాళీ నెలల్లోనే, 2024 జూన్ 17న, అమెరికా ప్రభుత్వం ఫొటోషాప్ తయారుచేసే అడోబీ కంపెనీ మీద కాలిఫోర్నియాలో కేసు వేసింది. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పంపిన ఫిర్యాదు మీద న్యాయశాఖ వేసిన కేసు అది. అడోబీకి కూడా ఏడాది ఒప్పందంతో నెలనెలా కట్టే ప్లాన్ ఉంది. మొదటి ఏడాదిలో ఆపేస్తే మిగిలిన చెల్లింపుల్లో సగం రద్దు ఫీజుగా తీసుకుంటారు. ఆ సంగతిని సన్న అక్షరాల్లో, చిన్న గుర్తుల వెనక, లింకుల వెనక దాచారనీ, రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేశారనీ ప్రభుత్వ ఆరోపణ. తమ షరతులు స్పష్టంగానే ఉన్నాయని, రద్దు చేసుకోవడం సులువేనని కంపెనీ జవాబు. కేసు సంగతి ఎలా ఉన్నా, ఈ ఆరోపణలు చదువుతుంటే నా ముందున్న స్క్రీనే గుర్తొచ్చింది. ఇద్దరు కంపెనీ అధికారులను కూడా పేరుపెట్టి కేసులో చేర్చడం నాకు మంచిదనిపించింది. ఆ పేజీ ఎలా ఉండాలో ఎవరో ఒక మనిషి కూర్చుని నిర్ణయిస్తాడు కదా.

మన దగ్గర 2023 నవంబరు 30న కేంద్ర ప్రభుత్వం కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా స్క్రీన్లు తయారుచేసే పద్ధతుల మీద, అంటే డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం 13 రకాలు చెప్పారు. రద్దు చేసుకునే దారిని దాచిపెట్టడం, సాగదీయడం అందులో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కిందికి వస్తాయి. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నేను అంతదూరం వెళ్లలేదు. చాట్‌లో ఈ మార్గదర్శకాల ప్రస్తావన తెచ్చి, ఫీజు లెక్క మెయిల్లో పంపమని అడిగాను. కాసేపు ఆగి, రెండు నెలలు ఉచితంగా ఇస్తాం, ఉండిపోండి మేడమ్ అన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇలాంటి ఆఫర్ తీసుకుంటే కొన్నిచోట్ల ఏడాది మళ్లీ మొదటి నుంచి లెక్కవేస్తారు. ముగింపు తేదీ మారుతుందా అని నేను రాతపూర్వకంగా అడిగాను, మారదని జవాబు వచ్చాకే ఒప్పుకున్నాను. జూన్, జులై అలా గడిచాయి. 2025 ఫిబ్రవరిలో గడువు ముగిసేముందు ఆ ప్లాన్ రెన్యూవల్ ఆపేశాను. చాట్‌లో మాట్లాడినబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, అతన్ని ఏమీ అనను.

ఆటోపే గురించి కూడా చెప్పాలి, చాలామంది ఫొటోగ్రాఫర్లు నన్ను అడిగేది ఇదే. బ్యాంకు యాప్‌లో ఆటోపే తీసేస్తే డబ్బు పోవడం ఆగుతుంది గానీ ప్లాన్ రద్దయినట్టు కాదు, ఒప్పందం అలాగే ఉంటుంది, బాకీ ఉందని వాళ్లు అడుగుతూనే ఉండొచ్చు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు తీసే 24 గంటల ముందు మనకు మెసేజ్ రావాలి, 15,000 దాకా అయితే ప్రతిసారీ ఓటీపీ అవసరం లేదు. అందుకే ఆటోపేకు ఒప్పుకునేటప్పుడు గరిష్ఠ మొత్తం ఎంత రాశారో చూడండి. నెలకు 1,200 ప్లాన్‌కు అక్కడ 15,000 అని ఉంటే, రద్దు ఫీజు కూడా ఓటీపీ లేకుండానే వెళ్లిపోయే వీలుంది.

ఏది తీసుకోవాలన్నదానికి నా లెక్క ఇది. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏడాది ప్లాన్ తీసుకుంటే మధ్యలో ఆపినా ఆపకపోయినా 14,400 ఖర్చు. అసలైన నెలవారీ 1,800 చొప్పున ఎనిమిది నెలలకు అంతే అవుతుంది. ఎనిమిది నెలలకన్నా తక్కువ వాడేవాళ్లకు, పైకి ఖరీదుగా కనిపించే 1,800 ప్లానే చౌక. నాకు ఏడు నెలలు మించి పని ఉండదు. రద్దు ఫీజు మిగిలిన నెలల డబ్బులో సగమే ఉండే ప్లాన్లలో కూడా ఇదే లెక్క వేసుకోండి. నెలవారీ 1,800, ఏడాది ప్లాన్ 1,200 అయితే ఆరు నెలల దగ్గర రెండూ సమానమవుతాయి. ఏడాదంతా చేతినిండా పనుండే స్టూడియోలకైతే ఒకేసారి 13,000 కట్టడమే మేలు. మధ్య పెట్టె వల్ల ఎవరికి లాభమో నాకు కనిపించలేదు, కంపెనీకి తప్ప.

సాఫ్ట్‌వేర్‌కు 5లో 4 ఇస్తాను, ఆ ప్లాన్‌కు 1. 2025 నుంచి నెలవారీగానే తీసుకుంటున్నాను. ఆషాఢంలో ఆపి శ్రావణంలో మళ్లీ మొదలుపెడితే పాత ఆల్బమ్ ఫైళ్లు అలాగే ఉన్నాయి, సెలక్షన్ గ్యాలరీ లింకులు మాత్రం పనిచేయలేదు. కాబట్టి ఆపేముందు పెళ్లివారి సెలక్షన్ పూర్తయిందో లేదో ఒకసారి చూసుకుని, ఆ లిస్టు కంప్యూటర్లోకి దించుకోండి.